పొగ చూపని జబ్బులు: సహజవాయు వాహనాల ఇంధన వ్యవస్థ, దాని సంరక్షణ

1998 జూలై 28న భారత సుప్రీంకోర్టు ఢిల్లీ నగరానికి ఒక గడువు విధించింది. 2001 మార్చి 31 నాటికి నగరంలోని బస్సులన్నీ డీజిలు మాని, సంపీడిత సహజవాయువుతో, అంటే వాడుకలో సి.ఎన్.జి. అని పిలిచే ఇంధనంతో నడవాలన్నది ఆ ఉత్తర్వు. ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో వచ్చిన ఈ ఆదేశం అనుకున్న తేదీకి అమలు కాలేదు గాని, 2002 చివరికల్లా ఢిల్లీ సిటీ బస్సుల్లో డీజిలు దాదాపుగా కనుమరుగయింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ మెట్రో సంస్థ 2011లో తన చివరి డీజిలు బస్సును వాడకం నుంచి తొలగించింది. విజయవాడ రోడ్ల మీద సహజవాయు ఆర్టీసీ బస్సులు తిరిగాయి. హైదరాబాదులో విమానం దిగి మనమెక్కే క్యాబు డిక్కీలో సగం చోటు ఆక్రమించుకుని ఉండే సిలిండర్‌ను చూడనివారు తక్కువ. అమెరికాలో మన వీధి చెత్తను ఎత్తుకుపోయే ట్రక్కు కూడా చాలా ఊళ్ళలో ఈ వాయువుతోనే నడుస్తోంది.

ఈ మార్పుకు ప్రధానమైన ప్రేరణ ప్రజల ఊపిరితిత్తుల ఆరోగ్యం. డీజిలు మసి, నత్రజని ఆక్సైడ్లు ఉబ్బసాన్నీ గుండెజబ్బులనూ పెంచుతాయన్నది వైద్యులకు తెలిసిన విషయమే. అయితే సహజవాయు ఇంజను శుభ్రమైనదన్న మాట బాగా సంరక్షించిన ఇంజనుకే వర్తిస్తుంది. చెడిపోయిన డీజిలు ఇంజను నల్లటి పొగతో తన జబ్బును ఊరంతటికీ చాటుకుంటుంది. సహజవాయు ఇంజను చెడినా పొగ రాదు, నూనె నల్లబడదు, వాసన పెద్దగా మారదు. వైద్యపరిభాషలో చెప్పాలంటే ఇది రక్తపోటు వంటి జబ్బు. లక్షణాల కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది, క్రమం తప్పకుండా పరీక్షించి పట్టుకోవలసిందే. ఆ పరీక్షలేమిటో, వాటి వెనక ఉన్న కారణాలేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మీథేన్ స్వభావం

సహజవాయువులో అత్యధిక భాగం మీథేన్. దాని అణుభారం 16, గాలి సగటు అణుభారం సుమారు 29. కాబట్టి కారిన మీథేన్ పైకి పోతుంది. వంటింటి సిలిండర్‌లో ఉండే ఎల్.పి.జి. గాలికన్నా బరువైనది గనక నేల మీద పరుచుకుంటుంది. గ్యాసు వాసన వస్తే కిందికి వంగి చూడాలన్న మన వంటింటి అలవాటు ఇక్కడ తలకిందులవుతుంది.

గాలిలో మీథేన్ పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు మాత్రమే అది అంటుకుంటుంది. దానంతటదే అంటుకోవాలంటే దాదాపు 540 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, పెట్రోలుకు అందులో సగం చాలు. ఈ రెండూ భద్రతకు మేలుచేసే గుణాలు. కాని అంత సులువుగా అంటుకోని ఇంధనాన్ని ఇంజను లోపల సెకనుకు పదుల సార్లు అంటించాలంటే స్పార్కు బలంగా ఉండాలి. భద్రతకు అనుకూలించిన గుణమే ఇంజనుకు పరీక్షగా మారుతుంది.

ఇక పీడనం. వాయువు తక్కువ చోట ఎక్కువ పట్టాలంటే దాన్ని బాగా అదమాలి. భారతదేశంలో సి.ఎన్.జి.ని 200 బార్ల పీడనంతో, అమెరికాలో సుమారు 250 బార్లతో నింపుతారు. 200 బార్లంటే సముద్రంలో రెండు కిలోమీటర్ల లోతున ఉండే పీడనం. అంత ఒత్తిడిలోనూ 60 లీటర్ల సిలిండర్‌లో పట్టేది తొమ్మిది పది కిలోలే. శక్తి లెక్కన కిలో వాయువు సుమారు లీటరున్నర పెట్రోలుకు సమానం.

బంకులో వేగంగా నింపినప్పుడు సిలిండర్ లోపల వాయువు వేడెక్కుతుంది. వేడి వాయువు తక్కువ బరువుకే ఎక్కువ పీడనం చూపిస్తుంది. అందుకే బంకులో నిండుగా చూపిన ముల్లు, ఇంటికి వచ్చి చల్లబడ్డాక కొంత కిందికి దిగుతుంది. చాలామంది దీన్ని లీకనుకుని కంగారుపడతారు. చల్లబడి ఒకచోట నిలిచిన ముల్లు బండి కదలకుండానే మరునాటికి ఇంకా దిగితే, అప్పుడు లీకును అనుమానించాలి.

సిలిండర్ నుంచి ఇంజను దాకా

సిలిండర్ మూతి దగ్గర చేత్తో కట్టగలిగే వాల్వు ఒకటి ఉంటుంది. గొట్టం తెగితే వాయువు ఒక్కసారిగా వెళ్ళిపోకుండా అడ్డుకునే ఏర్పాటు దానితో కలిసి ఉంటుంది. అక్కడి నుంచి సన్నని ఉక్కు గొట్టం ద్వారా వాయువు ముందుకు వస్తుంది. ఇంజను ఆగగానే దారి మూసే సొలినాయిడ్ వాల్వు, ఆపైన ఫిల్టరు, రెగ్యులేటరు, చివరికి ఇంజెక్టర్లు ఉంటాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌కు రెగ్యులేటరు బిగించిన అనుభవమున్నవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. తేడా అల్లా ఇక్కడ వాయువు చాలా వేగంగా ఖర్చవుతుంది, ఆ ఖర్చు క్షణక్షణమూ మారుతుంది.

రెగ్యులేటరు 200 బార్ల పీడనాన్ని కొద్ది బార్లకు దించుతుంది. అధిక పీడనం నుంచి ఒక్కసారిగా వ్యాకోచించిన మీథేన్ చల్లబడుతుంది. దీన్నే భౌతికశాస్త్రంలో జౌల్-థామ్సన్ ప్రభావమంటారు. నిండు సిలిండర్ నుంచి వచ్చే వాయువు ఉష్ణోగ్రత యాభై డిగ్రీలకు పైబడి పడిపోవచ్చు. వాయువులో ఏ కొంచెం తేమ ఉన్నా అక్కడ గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. తేమ మీథేన్‌తో కలిసి ఏర్పరిచే హైడ్రేటు అనే మంచులాంటి పదార్థం అధిక పీడనంలో సున్నా డిగ్రీలకు పైన కూడా గడ్డకట్టగలదు. అందుకే ఇంజనును చల్లబరిచి వేడెక్కిన కూలెంటు నీళ్ళను రెగ్యులేటరు చుట్టూ తిప్పుతారు.

ఇక్కడ మెకానిక్‌ను తికమకపెట్టే లక్షణం ఒకటి పుడుతుంది. హైవే మీద వేగంగా పోతున్న బండి క్రమంగా శక్తి కోల్పోతుంది. పక్కకు తీసి పది నిముషాలు ఆపితే మళ్ళీ మామూలుగా నడుస్తుంది. షెడ్డుకు తీసుకెళ్ళేసరికి లోపమేమీ కనబడదు. ఆపినప్పుడు ఇంజను వేడి రెగ్యులేటరుకు సోకి మంచు కరిగిపోవడమే ఆ కోలుకోవడానికి కారణం. ఇంధన వ్యవస్థలో ఎన్ని భాగాలు మార్చినా ఈ జబ్బు పోదు. కూలెంటు తగ్గిందా, దాని గొట్టంలో గాలి చేరిందా అని చూడాలి. బాధ ఒకచోట, మూలం మరొకచోట ఉండటం మా వృత్తిలో నిత్యం చూసేదే. గుండెకు రక్తం అందనప్పుడు ఎడమచెయ్యి లాగినట్టన్నమాట.

రెండో శత్రువు నూనె. బంకుల్లో వాయువును అదిమే కంప్రెసర్ల నుంచి కొంత కందెన నూనె ఆవిరిగానూ తుంపరగానూ వాయువుతోపాటు సిలిండర్‌లోకి వస్తుంది. అది రెగ్యులేటరు పొరల మీద, ఇంజెక్టర్ల సన్నని రంధ్రాల దగ్గర జిగురుగా పేరుకుంటుంది. ఆ తుంపరలను కలిపి పెద్ద బొట్లుగా చేసి కిందికి దించే ఫిల్టరు ఉంటుంది. దాని అడుగున చేరిన నూనెను తయారీదారు చెప్పిన వ్యవధిలో తీసేయాలి, ఫిల్టరు గుండెను మార్చాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన పని ఇది. అయినా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

ఈ భాగాలలో దేన్ని విప్పాలన్నా ముందు సిలిండర్ వాల్వు కట్టేసి, ఇంజనును దానంతటది ఆగిపోయేవరకు నడిపి, గొట్టంలో మిగిలిన వాయువును ఖర్చు చేయించాలి. ఆ తరవాతే నట్టు నెమ్మదిగా వదులు చెయ్యాలి. లీకవుతున్న జాయింటును పీడనం ఉండగా బిగించబోవడం ప్రాణాంతకం. బిగింపు తెగితే అది తుపాకి గుండులా ఎగిరివస్తుంది.

నియంత్రణ వ్యవస్థ: కనబడే విలువ, దాని వెనక శ్రమ

కిలో మీథేన్ పూర్తిగా మండటానికి సుమారు 17.2 కిలోల గాలి కావాలి. పెట్రోలుకైతే 14.7 కిలోలు చాలు. ఈ నిష్పత్తికి దగ్గరగా, ఇరుకైన హద్దుల్లో ఉంటేనే పొగగొట్టంలోని త్రిముఖ ఉత్ప్రేరకం తన పని చేయగలదు. ఇంధనం ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడు, గాలి ఎక్కువైతే నత్రజని ఆక్సైడ్లు బయటికి పోతాయి. ఈ తూకాన్ని కాపాడేది ఇంజను కంప్యూటరు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పే సమాచారాన్ని బట్టి అది ఇంజెక్టరు ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయిస్తుంది. లెక్క ప్రకారం పోయవలసినదానికన్నా ఎంత శాతం ఎక్కువో తక్కువో పోయవలసి వచ్చిందన్న సవరణను ఇంధన ట్రిమ్ అంటారు. ఆ క్షణానికి చేసే సవరణ స్వల్పకాలిక ట్రిమ్, అలవాటుగా స్థిరపడినది దీర్ఘకాలిక ట్రిమ్.

మధుమేహం తొలిదశ తెలిసినవారికి దీని ప్రాముఖ్యం సులువుగా అర్థమవుతుంది. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించని మొదటి సంవత్సరాల్లో రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది. దాన్ని మామూలుగా ఉంచడానికి క్లోమం రెట్టింపు ఇన్సులిన్ స్రవిస్తూ ఉంటుంది. చక్కెర ఒక్కటే కొలిస్తే ఆ శ్రమ కనబడదు. క్లోమం అలసిపోయిన రోజున చక్కెర పెరుగుతుంది, అప్పటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. ఇంజనులో ఆక్సిజన్ సెన్సర్ విలువ చక్కెర వంటిది, ట్రిమ్ ఇన్సులిన్ వంటిది. నూనె పట్టి సగం మూసుకున్న ఇంజెక్టరు తక్కువ వాయువు వదులుతుంటే, కంప్యూటరు దాన్ని మరికొంత సేపు తెరిచి ఉంచి లోటు పూడుస్తుంది. బండి బాగానే నడుస్తుంది, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగదు. ట్రిమ్ మాత్రం మూడు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పద్నాలుగు శాతానికి పాకుతుంటుంది. సర్దుబాటు పరిమితి, చాలా బండ్లలో సుమారు ఇరవై అయిదు శాతం, దాటాకే దీపం వెలుగుతుంది. కాబట్టి ప్రతి సర్వీసులోనూ ట్రిమ్ విలువలను రాసిపెట్టుకుని, పాత విలువలతో పోల్చడం మంచి మెకానిక్ లక్షణం. ఒక్క అంకె చెప్పేది స్వల్పం, అంకెల వరస చెప్పేది అధికం.

పెట్రోలుతోనూ వాయువుతోనూ నడిచే కార్లలో ఇంకో మెలిక ఉంది. తరవాత అమర్చిన కిట్లలో వాయువుకు వేరే చిన్న కంప్యూటరు ఉంటుంది. అది పెట్రోలు కంప్యూటరు లెక్కగట్టిన ఇంజెక్షను కాలాన్ని తీసుకుని, దాన్ని వాయువుకు తగినట్టు మార్చి తన ఇంజెక్టర్లకు పంపుతుంది. ఈ మార్పిడి పట్టిక సరిగా లేకపోతే, ఆ తప్పును పెట్రోలు కంప్యూటరు తన ట్రిమ్‌లో నేర్చేసుకుంటుంది. ఆ తరవాత పెట్రోలుకు మార్చినప్పుడు బండి కుదుపులతో నడుస్తుంది. యజమాని పెట్రోలు కల్తీ అనుకుంటాడు. అసలు లోపం వాయువు వైపు ఉంటుంది. మరొక సంగతి: ఈ కార్లు ఇంజను కొంత వేడెక్కేవరకు పెట్రోలు మీదే నడిచి ఆపైన వాయువుకు మారతాయి. పొదుపు కోసం పెట్రోలు ట్యాంకును ఎప్పుడూ ఖాళీగా ఉంచితే, పెట్రోలులో మునిగి చల్లబడవలసిన పంపు ఎండి కాలిపోతుంది.

స్పార్కు, ఉత్ప్రేరకం, నూనె

స్పార్క్ ప్లగ్ కొనల మధ్య సందు అరిగి పెరిగేకొద్దీ దాన్ని దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. మీథేన్‌కు అసలే ఎక్కువ వోల్టేజి అవసరం. పెట్రోలు ఇంజనులో ఇంకా పనిచేయగల ప్లగ్ ఇక్కడ తప్పిపోతుంది. దారి దొరకని విద్యుత్తు కాయిలు తొడుగును చీల్చుకుని పక్కనున్న లోహంలోకి దూకుతుంది. వందరూపాయల ప్లగ్‌ను వాయిదా వేసినందుకు వేలరూపాయల కాయిలు పోవడం ఇలాగే.

ఒక సిలిండర్‌లో మంట తప్పితే, మండని మీథేన్ అంతా ఉత్ప్రేరకంలోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి ఉత్ప్రేరకం దెబ్బతింటుంది. దెబ్బతిన్న ఉత్ప్రేరకాన్ని మీథేన్ సులభంగా దాటిపోతుంది, ఎందుకంటే హైడ్రోకార్బన్లలో విడగొట్టడానికి అతి కష్టమైనది మీథేనే. వాతావరణంలో చేరిన మీథేన్ వందేళ్ళ లెక్కన అంతే బరువు కార్బన్ డయాక్సైడు కన్నా దాదాపు ముప్ఫై రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన ఎనభై రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అంటే పాతబడిన ఒక ప్లగ్, వాతావరణానికి మేలని తెచ్చుకున్న వాహనపు లెక్కను తారుమారు చేయగలదు.

అమెరికాలో కొన్ని భారీ సహజవాయు ఇంజనులు అశ్వశక్తి-గంటకు 0.02 గ్రాముల నత్రజని ఆక్సైడ్ల ప్రమాణాన్ని అందుకున్నాయి. 2010 నాటి ప్రమాణమైన 0.20 గ్రాములలో ఇది పదో వంతు. ఇది నిజంగా గొప్ప విజయం. కాని ఆ అంకె ధ్రువపత్రం పొందిన నాటిది. ప్లగ్గులు, సెన్సర్లు, ఉత్ప్రేరకం బాగున్నంతకాలమే అది బస్సుస్టాపులో నిలబడ్డ పిల్లవాడి ఊపిరికి వర్తిస్తుంది.

ఇంజను నూనె విషయంలోనూ కన్ను మోసపోతుంది. మసి లేదు గనక గ్యాసు ఇంజనులో నూనె తేనెరంగులోనే ఉంటుంది. కాని నత్రజని ఆక్సైడ్లతోనూ ఆక్సిజన్‌తోనూ చర్య జరిగి లోలోపల చిక్కబడి, ఆమ్లత్వం పెరుగుతుంది. రంగు చూసి నూనె మార్చడం వాయిదా వేయకూడదు. రెండు స్ట్రోకుల ఆటోల కథ దీనికి భిన్నమైనది. వాటిలో కందెన నూనె ఇంధనంతోపాటే కాలుతుంది. పిస్టన్ రింగులు అరిగిన ఆటో సి.ఎన్.జి. పోసుకున్నా తెల్లటి పొగ వదలడం ఢిల్లీలో కనిపించింది. ఇంధనం మార్చినంత మాత్రాన ఇంజను జబ్బు నయం కాదని చెప్పే ఉదాహరణ అది.

సిలిండర్ వయసు

వాహన సిలిండర్లు నాలుగు రకాలు. మొదటిది పూర్తి లోహం, భారతదేశంలో ఎక్కువగా కనబడే ఉక్కు సిలిండర్ ఇదే. రెండోదానిలో లోహపు నడుముకు, మూడోదానిలో లోహమంతటికీ నారను చుడతారు. నాలుగోదానిలో ప్లాస్టిక్ గుల్లకు నార చుట్టి ఉంటుంది. ఉక్కుకు తుప్పు శత్రువు, నారకు గీతలూ ఆమ్లమూ శత్రువులు. 1994లో అమెరికాలో రెండు సహజవాయు పికప్ ట్రక్కుల సిలిండర్లు పగిలాయి. గాజునార మీద ఆమ్లం పడి క్రమంగా బీటలు వారడమే కారణమని తేలింది.

భారతదేశంలో మూడేళ్ళకొకసారి సిలిండర్‌కు హైడ్రాలిక్ పరీక్ష తప్పనిసరి. సిలిండర్‌ను నీటితో నింపి, పని పీడనం కన్నా చాలా ఎక్కువ పీడనానికి గురిచేస్తారు. నీరే ఎందుకంటే అది దాదాపు కుదించుకోదు, కాబట్టి పరీక్షలో సిలిండర్ పగిలినా పేలుడు ఉండదు. పీడనం తీసేశాక సిలిండర్ పూర్వపు కొలతకు తిరిగి రావాలి. రాకుండా మిగిలిపోయిన సాగుదల పరిమితి మించితే లోహం అలసిపోయిందని అర్థం. అమెరికాలో పద్ధతి వేరు. కార్ల విషయంలో కనీసం 36 నెలలకు లేదా 36,000 మైళ్ళకు, ఏది ముందైతే అప్పుడు, అలాగే ప్రమాదమో మంటో జరిగిన వెంటనే సిలిండర్‌ను పరిశీలింపజేయాలని దాని మీదే ముద్రించి ఉంటుంది. ఏ తేదీ తరవాత వాడరాదో కూడా ఉంటుంది. దాన్ని పాటించడం చాలావరకు యజమాని విజ్ఞత మీదే ఆధారపడింది. 1998 నుంచి 2015 దాకా అక్కడ అమ్మిన హోండా సివిక్ సహజవాయు కార్ల వంటివి సెకండ్ హ్యాండులో కొనేవారు ఇంజను కన్నా ముందు ఆ తేదీ చూడాలి.

సిలిండర్‌కు ఉండే రక్షణ కవాటం గురించి ఒక అపోహ ఉంది. అది కుక్కర్ విజిల్ లాంటిది కాదు, దాని సేఫ్టీ వాల్వు లాంటిది. పీడనానికి తెరుచుకోదు, సుమారు 110 డిగ్రీల వేడికి కరిగి వాయువును బయటికి వదిలేస్తుంది. మంట దానికి తగిలితేనే అది పనిచేస్తుంది. 2007 మార్చిలో సియాటిల్‌లో ఎవరో తగలబెట్టిన ఒక సహజవాయు కారులో మంట సిలిండర్‌ను ఒకచోట కాల్చింది, కవాటం మాత్రం తెరుచుకోలేదు, సిలిండర్ పేలిపోయింది. 2024 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గరి విల్మింగ్టన్‌లో మంటలంటుకున్న ట్రక్కు సిలిండర్ పేలి తొమ్మిదిమంది అగ్నిమాపక సిబ్బంది గాయపడ్డారు. ఇటువంటి ఘటనలు అరుదు. కాని సర్వీసులో ఆ కవాటాన్నీ, వాయువును బయటికి పంపే గొట్టాన్నీ, దాని మూతనూ చూడటం లాంఛనం కాదని ఇవి చెబుతున్నాయి. మన దేశంలో బంకు దగ్గర ప్రయాణికులందరినీ కారు దింపడం కూడా ఇందుకే. సిలిండర్ మీద అత్యధిక ఒత్తిడి పడేది నింపేటప్పుడే.

లీకులు, షెడ్డు

లీకును పట్టడానికి సబ్బునీళ్ళ బుడగ నేటికీ నమ్మదగిన సాధనం, మీథేన్ డిటెక్టర్ దానికి తోడు. సహజవాయువుకు సొంతవాసన లేదు. మనకు తెలిసే వాసన కావాలని కలిపిన గంధక సమ్మేళనాలది. జలుబు చేసినవారు, వాసనశక్తి తగ్గిన పెద్దవారు దాని మీద ఆధారపడకూడదు. కోవిడ్ తరవాత ఈ హెచ్చరిక అవసరం పెరిగింది.

మీథేన్ పైకి పోతుంది గనక షెడ్డు కప్పుకు గాలి పోయే దారి ఉండాలి. కప్పు కింద వేలాడే దీపాలు, హీటర్లు నిప్పురవ్వలు పుట్టించనివై ఉండాలి. డీజిలు బస్సుల కోసం కట్టిన పాత షెడ్డులో సహజవాయు బస్సులను నిలపడం మొదలుపెట్టినప్పుడు తరచు మరిచిపోయేది ఇదే. డీజిలు ప్రమాదం నేలమీద ఉంటుంది, మీథేన్ ప్రమాదం తలపైన ఉంటుంది.

మనం చేయగలిగింది

ఈ వ్యాసం చదివేవారిలో స్వయంగా రెగ్యులేటరు విప్పేవారు అరుదు. అయినా ఊళ్ళో అమ్మానాన్నల కారుకు సి.ఎన్.జి. కిట్టు ఉండవచ్చు. వారానికొకసారి ఫోనులో బి.పి. మాత్రల గురించి అడిగేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు కూడా అడగవచ్చు. సిలిండర్ పలక మీద హైడ్రో పరీక్ష తేదీ ఎప్పుడుంది? కిట్టు అనుమతి పొందిన చోట బిగించినదేనా, ఆర్.సి.లో నమోదయిందా? గ్యాసు ఫిల్టరు, ప్లగ్గులు మార్చి ఎంతకాలమయింది? పెట్రోలు ట్యాంకులో కొంతైనా పెట్రోలు ఉంటోందా? పరీక్ష చేయకుండా కాగితం ఒక్కటీ చేతికిచ్చే చోటు చవకగా దొరికితే, అది రక్తం తీయకుండా ఇచ్చిన రక్తపరీక్ష నివేదికతో సమానమని వారికి చెప్పాలి.

ఇక్కడ మన పిల్లలెక్కే స్కూలు బస్సులు, సిటీ బస్సులు సహజవాయువుతో నడుస్తుంటే, వాటి సంరక్షణ రికార్డుల గురించి స్థానిక సమావేశాల్లో అడిగే హక్కు పన్ను కట్టేవారిగా మనకుంది. బస్సు పక్కన ఆకుపచ్చ అక్షరాలతో రాసిన 'శుభ్రమైన ఇంధనం' అన్న మాట కొన్న రోజున నిజమే. దాన్ని ప్రతి ఏడూ నిజంగా నిలబెట్టేది షెడ్డులో ట్రిమ్ విలువను పుస్తకంలో రాసుకునే మెకానిక్. ఆ పనికి తగిన సమయం, శిక్షణ, వేతనం దక్కుతున్నాయా అన్న ప్రశ్న ఇంధనం ఎంపికకన్నా చిన్నదేమీ కాదు.